వెనక నుంచి తీసిన నమాజ్

రంజాన్ నెలలో మన పత్రికల్లో ఏయే ఫొటోలు వస్తాయో నేను ముందే చెప్పగలను. మొదటి శుక్రవారం మక్కా మసీదు ఆవరణలో వందల వీపులు, వెనకాల చార్మినార్. రెండో వారం లాడ్ బజార్‌లో గాజులు చూస్తున్న నల్ల బుర్ఖాలు. మధ్యలో ఒకరోజు హలీమ్ భట్టీ దగ్గర పెద్ద కర్రలతో కలియదంచుతున్న కుర్రాళ్లు. చివరికి పండగ రోజు మీరాలం ఈద్గాలో కొత్త బట్టలు, టోపీలు వేసుకుని కౌగిలించుకున్న ఇద్దరు చిన్నపిల్లలు. హైదరాబాద్‌లో ఒక పత్రిక ఫొటో డెస్క్ మీద చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి ఈ వరస నాకు కంఠతా వచ్చు.

వీటిలో ఏ ఒక్క ఫొటోనూ అబద్ధం అనను. తీసినవాళ్లు ఎండలో ఉపవాసం ఉన్నవాళ్లతో సమానంగా నిలబడి తీసినవే. కానీ ఇన్నేళ్లు ఇన్ని వేల ఫొటోలు చూశాక నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. నమాజ్ చదువుతున్న ఆ మనిషి ముఖం ఏది? అతని పేరేంటి?

వీపులే ఎందుకు వస్తాయో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. నమాజ్ చదువుతున్న మనిషి ముందు నుంచి అడ్డంగా నడవకూడదు. అందుకని ఫొటోగ్రాఫర్ వెనక వరసల దగ్గరో, పక్క మేడ మీదో చోటు చూసుకుంటాడు. పైనుంచి టెలి లెన్స్ పెడితే ఎడంగా ఉన్న వరసలన్నీ దగ్గరికొచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. అందరూ ఒకేసారి సజ్దాలోకి, అంటే నుదురు నేలకు ఆనించడానికి, వంగిన క్షణం ఫ్రేమ్ నిండుగా ఉంటుంది, కాబట్టి ఆ క్షణమే నొక్కుతారు. దువా కోసం చేతులెత్తినప్పుడు ఒక పెద్దాయన పెదవులు ఎలా కదులుతాయో, సలామ్ చెబుతూ పక్కవాళ్లవైపు తల తిప్పినప్పుడు ఆ కళ్లు ఎలా ఉంటాయో ఆ మేడ మీదికి కనిపించవు.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. మన ఊళ్లలో ముస్లిం ఆడవాళ్లు ఎక్కువగా ఇంట్లోనే నమాజ్ చదువుకుంటారు. కెమెరాలు పట్టుకున్నవాళ్లు ఎక్కువమంది మగవాళ్లు, వాళ్లు ఆ గదిలోకి రాలేరు. వాళ్లకి ఆమె రోడ్డు మీదే దొరుకుతుంది, అదీ బుర్ఖాలో. దాంతో ఆమె భక్తి మొత్తం ఒక నల్ల గుడ్డగా అచ్చవుతుంది.

మా అమ్మీ నెల్లూరులో బట్టలు కుట్టేది. అసర్, అంటే సాయంత్రం నమాజ్ వేళకు మిషను ఆపి, ఒళ్లో పడ్డ దారప్పోగులు దులుపుకుని, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, మిషనుకూ మంచానికీ మధ్య ఉన్న జాగాలో నమాజ్ చదివే గుడ్డ, జానమాజ్ పరిచేది. నమాజ్ అయిపోయినా వెంటనే లేచేది కాదు. తస్బీ, మన జపమాల లాంటిది, తిప్పుతూ కూర్చునేది. ఎవరి జాకెట్టు రేపటికి ఇవ్వాలో, ఎవరింట్లో బాకీ నిలిచిపోయిందో ఆ కాసేపట్లోనే గుర్తొస్తాయని, అలా గుర్తు రావడం కూడా అల్లా దయేనని చెప్పేది. నేను చిన్నప్పటి నుంచి దగ్గరగా చూసిన మతం అది. డెస్క్ మీద కూర్చున్నంత కాలం అలాంటి ఫొటో ఒక్కటి కూడా నా ముందుకు రాలేదు.

అలాగని మన పత్రికలకు ముఖాలు తీయడం చేతకాదని కాదు. మా ఊళ్లో బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో రొట్టెల పండగ జరుగుతుంది. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ఆడవాళ్లు రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా. హిందువులూ ముస్లింలూ ఒకే నీళ్లలో, ఒకళ్ల రొట్టె ఒకళ్ల చేతిలో. 2015 నుంచి ఇది రాష్ట్ర పండగ కూడా. ఆ ఫొటోలు ఎంత బాగుంటాయో చూడండి. నీళ్లలోకి దిగి, మోకాళ్ల లోతులో నిలబడి, మనిషి ఎత్తులో తీస్తారు. ఆడవాళ్ల కళ్లలో ఆశ కనిపిస్తుంది, నవ్వు కనిపిస్తుంది, సిగ్గు కనిపిస్తుంది. అదే ఫొటోగ్రాఫర్, అదే కెమెరా, కొన్ని నెలల తేడా. అక్కడ మనిషి మధ్యలోకి దిగినవాడు మసీదు దగ్గరికి రాగానే మేడ ఎక్కుతాడు.

ఆర్కైవ్‌లో ఒక చిన్న పని చేసి చూడమని కొత్తగా డెస్క్ మీదికి వచ్చినవాళ్లకి చెప్పేదాన్ని. “ముస్లిం మహిళ” అని టైప్ చేయండి. బుర్ఖా, ఓటు క్యూ, ధర్నా, ట్రిపుల్ తలాక్ వార్తకు వాడిన ఫొటో, మళ్లీ బుర్ఖా. గుంటూరు ఆస్పత్రిలో పనిచేసే ముస్లిం డాక్టరమ్మ ఫొటో డాక్టర్ల కింద ఉంటుంది, కర్నూలు టీచరమ్మది ఉపాధ్యాయ దినోత్సవం కింద ఉంటుంది. అది న్యాయమే, వాళ్ల వృత్తి వాళ్ల గుర్తింపు. కానీ ఫలితం చూడండి. వంగినప్పుడో, ఏడ్చినప్పుడో, అరిచినప్పుడో మాత్రమే మనిషి “ముస్లిం” అనే మాట కింద నిలుస్తాడు. మర్నాడు హడావుడిలో ఫొటో వెతుక్కునే సబ్ ఎడిటర్‌కు దొరికేది అదే, అచ్చయ్యేది అదే, మళ్లీ ఆర్కైవ్‌లో చేరేదీ అదే.

ఇది మన తెలుగు పత్రికల జబ్బే అనుకుంటే పొరపాటు. ఏజెన్సీల నుంచి రోజూ వచ్చే ఫొటోల్లో పెద్ద పెద్ద పేర్లు ఇదే దారిలో నడిచాయి.

1984 డిసెంబర్‌లో పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో, ఒక టెంట్ బడిలో, స్టీవ్ మెక్‌కరీ ఒక ఆఫ్ఘన్ పిల్లను ఫొటో తీశాడు. ఎర్రటి ముసుగు, ఆకుపచ్చ కళ్లు. 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైంది. ఈ వ్యాసం చదువుతున్న మీకు ఆ కళ్లు ఇప్పుడే గుర్తొచ్చి ఉంటాయి. ఆ పిల్ల పేరు మాత్రం 2002 దాకా ప్రపంచానికి తెలియదు. షర్బత్ గులా. పదిహేడేళ్లు ఆమె పోస్టర్లలో, గోడల మీద పేరు లేకుండా వేలాడింది. పత్రిక వాళ్లు మళ్లీ వెతికి పట్టుకున్నప్పుడు, ఆమేనని నిర్ధారించడానికి కంటిపాప పోలికల పరీక్ష చేయించారు. ఆ రోజు ఫొటో తీసినందుకు తనకు కోపం వచ్చిందని ఆమె చెప్పింది. తెలియని మగవాడి ముందు ముఖం చూపించకూడదన్న పెంపకంలో పెరిగిన పిల్లకు ఆ కోపం రావడం సహజం. ప్రపంచం ఆ చూపులో భయం చదివింది, యుద్ధం చదివింది. “ఎవడీయన, నన్నెందుకు చూస్తున్నాడు” అనే మాట చదివినవాళ్లు ఎంతమంది? తర్వాత 2016లో నకిలీ గుర్తింపు కార్డు కేసులో పాకిస్తాన్ ఆమెను అరెస్టు చేసి ఆఫ్ఘనిస్తాన్‌కు పంపేసింది. 2021లో తాలిబాన్ తిరిగొచ్చాక ఇటలీకి వెళ్లింది. ఆ ముఖం అంత ప్రసిద్ధమైనా ఆమెకు ఒక గుర్తింపు కార్డు కూడా సవ్యంగా దొరకలేదు.

షర్బత్ గులాకు పేరు లేకుండా పోతే, అల్జీరియాలో ఒకామెకు ఉన్న దుఃఖాన్నే మార్చేశారు. 1997 సెప్టెంబర్‌లో బెంతల్హా అనే ఊళ్లో రాత్రికి రాత్రి మనుషుల్ని ఊచకోత కోశారు. మర్నాడు ఆస్పత్రి బయట గోడకు ఆనుకుని ఏడుస్తున్న ఒక స్త్రీని ఫ్రెంచ్ వార్తా సంస్థ ఏఎఫ్‌పీ ఫొటోగ్రాఫర్ హొసీన్ జవూరార్ తీశాడు. ప్రపంచ పత్రికా ఫొటోల పోటీ వరల్డ్ ప్రెస్ ఫొటోలో ఆ ఏటి ఉత్తమ ఫొటో అదే. యూరప్ పత్రికలు ఆమెను “బెంతల్హా మడోన్నా” అన్నాయి. తల వాల్చిన తీరు, ముసుగు మడతలు వాళ్ల చర్చిల్లోని మేరీమాత బొమ్మల్లా ఉన్నాయట. ఎనిమిది మంది పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి అని మొదటి క్యాప్షన్. తర్వాత తేలిందేమిటంటే ఆమె పోగొట్టుకున్నది పిల్లల్ని కాదు, తోబుట్టువునూ అతని కుటుంబాన్నీ. ఆమె ఆ ఏజెన్సీ మీద కేసు కూడా వేసింది. నాకు ఆమె కోపం పూర్తిగా అర్థమవుతుంది. తోబుట్టువు చావు సరిపోలేదా? ప్రపంచం ఏడవడానికి ఆమె తల్లే కావాలా, అదీ ఇంకో మతపు తల్లిలా కనిపించాలా?

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. తీసినవాడు బయటివాడు కాదు. అల్జీరియావాడే. ఆ దశాబ్దంలో అక్కడ పత్రికల వాళ్లను వరసగా చంపుతున్నారు. అలాంటి రోజుల్లో ఆస్పత్రి దగ్గరికి కెమెరాతో వెళ్లడమే ప్రాణాలతో పని. ఆ ఫొటో లేకపోతే బెంతల్హా పేరు ఇంతమందికి తెలిసేదే కాదు. అందుకే “వాళ్లు మనల్ని ఇలా చూపిస్తున్నారు” అని ఒక్క మాటలో తేల్చేసే వాదనతో నాకు పొత్తు కుదరదు. క్లిక్ దగ్గర మొదలైన దారిలో క్యాప్షన్ రాసేవాడు, ఎంచుకునే ఎడిటర్, బహుమతి ఇచ్చే జ్యూరీ, చూసే పాఠకుడు అందరూ ఉన్నారు. ప్రతివాళ్లూ తమకు ముందే తెలిసిన బొమ్మ కోసం వెతుకుతారు.

2011 అక్టోబర్‌లో యెమెన్ రాజధాని సనాలో ఆస్పత్రిగా మార్చిన ఒక మసీదులో సామ్యుయెల్ అరాండా తీసిన ఫొటోకు కూడా ఇదే జరిగింది. ముఖం కప్పే నల్లటి నికాబ్, తెల్ల గ్లౌజులు వేసుకున్న ఒకామె, చొక్కా లేని ఒక యువకుణ్ణి ఒడిలో పట్టుకుని ఉంది. దానికీ వరల్డ్ ప్రెస్ అవార్డు, దానికీ మేరీమాత పోలిక. తర్వాత పేర్లు బయటికొచ్చాయి. ఆమె ఫాతిమా అల్ ఖౌస్, అతను ఆమె కొడుకు జాయెద్, బాష్పవాయువుకు కుప్పకూలిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు. బతికాడు. ఫాతిమా స్వయంగా ఆ ప్రభుత్వ వ్యతిరేక ఉద్యమంలో పాల్గొన్న మనిషి. పేరు తెలిశాక అదే ఫొటోను ఇంకోసారి చూశాను. నికాబ్ వెనక ఉన్నది ఏడుస్తూ కూర్చున్న అమ్మ ఒక్కతే కాదు, వీధిలోకి వచ్చిన మనిషి కూడా. ఫొటోలో ఒక్క చుక్క మారలేదు, మనం చూసే తీరు మారింది. క్యాప్షన్ రాసే పనిని నేను ఇంత పట్టించుకునేది ఇందుకే.

కొన్నిసార్లు ఫొటో మీద అచ్చు వేసే మాటే అసలు నేరం చేస్తుంది. 2012 సెప్టెంబర్‌లో న్యూస్‌వీక్ అరుస్తున్న మగవాళ్ల ఫొటో మీద “ముస్లింల ఆగ్రహం” అన్న అర్థంలో పెద్ద అక్షరాలతో కవర్ వేసింది. కోట్లమందికి ఒకే కోపం. ట్విట్టర్‌లో జనం అదే మాటను హ్యాష్‌ట్యాగ్ చేసుకుని తమ మామూలు రోజుల గురించి రాశారు. ఈరోజు జుట్టు ఎంతో బాగా కుదిరింది, కానీ ఎవరికీ తెలియదే అని హిజాబ్ వేసుకునే ఒకమ్మాయి రాసింది. ఆ ఒక్క వాక్యంలో ఉన్నంత జీవితం ఆ కవర్ మీద లేదు.

మన దగ్గరికి వస్తాను. 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజ్ వేళ బాంబు పేలింది. ఆ తర్వాత పాతబస్తీ కుర్రాళ్లను చాలామందిని పట్టుకెళ్లారు. ముఖాలకు నల్ల గుడ్డలు కట్టి, పోలీసుల మధ్య నడిపిస్తున్న ఫొటోలు మొదటి పేజీల్లో వచ్చాయి. తర్వాత కోర్టు వాళ్లలో పలువురిని నిర్దోషులుగా వదిలేసింది. విడుదలైన రోజు వాళ్ల ముఖాలు ఏ పేజీలో, ఎంత సైజులో వచ్చాయో పాత ఎడిషన్లు తిరగేయండి. నమాజ్‌కు వెళ్లి చనిపోయినవాళ్లూ పాతబస్తీవాళ్లే, అనుమానితులైనవాళ్లూ పాతబస్తీవాళ్లే. ఒక వీధి రెండుసార్లు దెబ్బ తింటే ఫొటోల్లో ఒక్కసారే కనిపించింది.

2020 మార్చి, ఏప్రిల్ నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లీగీ జమాత్ అనే ముస్లిం ధార్మిక సంస్థ సమావేశానికి వచ్చినవాళ్లకు కరోనా సోకిందన్న వార్త రాగానే దేశమంతా కరోనా వార్తకు ముస్లిం టోపీ తొడిగారు. కేసులు పెరిగాయని వార్త, పక్కన ఎప్పుడో తీసిన సామూహిక నమాజ్ ఫైల్ ఫొటో. “ఫైల్ ఫొటో” అన్న చిన్న అక్షరాలు ఎవరు చూస్తారు? ఆ రోజుల్లో ఫైల్ ఫొటో వాడొద్దని నేను ఒప్పించడానికి ఎంత మాట్లాడానో నాకే తెలుసు. కొన్నిరోజులు నా మాట నెగ్గింది, కొన్నిరోజులు నెగ్గలేదు. కూరగాయలు అమ్ముకునే ముస్లింలను కాలనీల్లోకి రానివ్వలేదన్న వార్తలు అప్పుడే వచ్చాయి. ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, మీడియాలో పెద్ద ప్రచారం నడిచిందని, వాళ్లను బలిపశువులను చేశారని స్పష్టంగా రాసింది. తీర్పు వార్తకు ఏ ఫొటో వేశారని అడిగితే, కోర్టు భవనం.

పేరు తెలిస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా నమ్మను. 2002 గుజరాత్ అల్లర్లలో చేతులు జోడించి, కళ్లనీళ్లతో వేడుకుంటున్న మనిషిని ఆర్కో దత్తా తీశాడు. అతని పేరు కుతుబుద్దీన్ అన్సారీ, దర్జీ. అందరికీ తెలుసు. ఆ ఫొటో వల్ల ఊళ్లో ఉండటం, పని చేసుకోవడం కష్టమై కొంతకాలం కోల్‌కతా వెళ్లి బతికాడు. ఎన్నికల ప్రచారాల్లో పార్టీలు అతన్ని అడక్కుండానే ఆ ముఖం వాడుకున్నాయి. ఇక వాడొద్దని ఆయన వేడుకోవాల్సి వచ్చింది. ఒక మనిషి బతుకులో అతి ఘోరమైన నిమిషం ఇరవై ఏళ్లయినా అతని వెంటే నడుస్తోంది. మిషను ముందు కూర్చున్న అన్సారీ, పిల్లలతో పండగ చేసుకుంటున్న అన్సారీ మనకెందుకు గుర్తులేరు?

వేరేలా తీయొచ్చని చూపించినవాళ్లు ఉన్నారు. ఇటలీ ఫొటోగ్రాఫర్ పియెత్రో మాస్తుర్జో 2009 జూన్‌లో టెహ్రాన్‌లో తీసిన ఫొటో నాకు చాలా ఇష్టం. సందెచీకటి, మేడల గుంపు, ఒక డాబా మీద చిన్నగా కనిపించే ఆడవాళ్లు గొంతెత్తి అరుస్తున్నారు. ఎన్నికల్లో మోసం జరిగిందని నిరసన. వాళ్ల నోట వచ్చే మాట “అల్లాహు అక్బర్”. 1979 విప్లవంలో కూడా జనం ఇలాగే డాబాలెక్కి అరిచారు. వార్తల్లో ఆ మాట వినగానే బాంబు గుర్తొచ్చేలా మనకు అలవాటు చేశారు. ఇక్కడ అదే మాట ఇస్లామిక్ ప్రభుత్వం మీద తిరగబడ్డ ఆడవాళ్ల మాట. విశ్వాసం ఎవరి చేతిలో ఉందన్న తగువంతా ఆ ఒక్క ఫ్రేమ్‌లో ఉంది.

ఫొటోగ్రాఫర్ తాన్యా హబ్జూకా పాలస్తీనాలో తీసిన ఫొటోల్లో ఒకటి ఇంకా ఇష్టం. ఖలందియా అనే ఇజ్రాయెల్ చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని చివరికి బయటపడ్డ ఒక కుర్రాడు కారులో సిగరెట్ కాలుస్తున్నాడు. పక్క సీట్లో గొర్రె. రంజాన్ ఆఖరి సాయంత్రం, పండక్కి ఇంటికి తీసుకెళ్తున్నాడు. ఆక్రమణ ఉంది, చెక్‌పోస్టు ఉంది, ఉపవాసాల నెల ఉంది, పండగ ఖర్చు ఉంది, అలసట ఉంది. ఇవన్నీ ఉన్నా ఆ ఫొటో చూస్తే ముందు ఆ కుర్రాడు కనిపిస్తాడు. నెల్లూరులో మా పెద్దనాన్న పండగ ముందు రోజు ఆటోలో పొట్టేలును తెచ్చినప్పుడు ఇలాగే ఉండేవాడు. హబ్జూకా ఆ ప్రాంతంలో చాలాకాలం బతికిన మనిషి. విమానం దిగి, మూడురోజుల్లో గొడవ తీసుకుని వెళ్లిపోయే పనిలో గొర్రె కనిపించదు.

ఇరాన్‌లో పుట్టిన ఫొటోగ్రాఫర్ అబ్బాస్‌తో మాత్రం నాకు ఒక తగువుంది. 1979 విప్లవాన్ని లోపలి నుంచి తీశాడు, తర్వాత 1987 నుంచి 1994 దాకా 29 దేశాలు తిరిగి ముస్లిం సమాజాలను తీశాడు. దేవుడి పేరు మీద మనుషులు ఏం చేస్తారన్నదే తన ఆసక్తి అనేవాడు. ఆ నలుపు తెలుపు ఫొటోల ముందు నేను తల వంచుతాను. తనవాళ్ల విప్లవం జనాల్ని చంపడం మొదలుపెట్టినప్పుడు దాచకుండా చూపించాడు. అంత ధైర్యం అందరికీ ఉండదు. కానీ దేవుడి పేరు మీద మనుషులు జాకెట్లు కూడా కుడతారు, బాకీలు కూడా మాఫీ చేస్తారు, పక్కింటి ముసలామెకు ఇఫ్తార్ ముందు గంజి కూడా పంపుతారు. అవి కూడా చేతలే కదా, వాటికి రీలు ఎందుకు తక్కువ పడాలి?

మనదేశంలో రాయిటర్స్ వార్తా సంస్థ ఫొటోగ్రాఫర్ డానిష్ సిద్దిఖీ పని నాకు ఎప్పుడూ ఒక కొలత. 2017 సెప్టెంబర్‌లో బంగ్లాదేశ్ ఒడ్డున పడవ దిగిన రోహింగ్యా స్త్రీ వంగి, చేత్తో ఇసుకను తాకుతున్న ఫొటో ఆయనదే. ఆ వరసకు రాయిటర్స్ బృందానికి 2018 పులిట్జర్ బహుమతి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో ఢిల్లీలో గుంపు కర్రలతో కొడుతుంటే నేలకు వంగిపోయిన తెల్లబట్టల మనిషిని తీసిందీ ఆయనే. రాయిటర్స్ వాళ్లు ఫొటోతో ఆగలేదు. ఆ మనిషిని వెతికి కలిసి, ప్రార్థన ముగించుకుని ఇంటికి వెళ్తున్నాడని, పేరుతో సహా రాశారు. 2021 జూలై 16న ఆఫ్ఘనిస్తాన్‌లోని స్పిన్ బోల్దక్‌లో సిద్దిఖీని చంపేశారు. ఆయన ఉండి ఉంటే ఈపాటికి ఇంకేం తీసేవాడో.

నా వైపు నుంచి ఒక పని మొదలుపెట్టాను. నమాజ్ ఫొటోలు పోగు చేస్తున్నాను, ఇంట్లో తీసినవి. మీ అమ్మీ, మీ నానీ, మీ పెద్దమ్మ, ఎవరైనా సరే. తీసేవాళ్లు ఇంటివాళ్లే కాబట్టి మేడ ఎక్కే పని లేదు. ఫోన్‌లో తీసినా చాలు, వెలుతురు తక్కువైనా పర్వాలేదు. ఒకటే షరతు. ముందు వాళ్లను అడగండి. వద్దంటే పంపకండి. సరేనంటే పేరు, ఊరు, ఆ రోజు ఏం వండారు, ఏం కుట్టారు, ఎవరి కోసం దువా చేశారు, చెప్పదలుచుకుంటేనే సుమా, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. ఉర్దూలో చెప్పినా, మన నెల్లూరు తెలుగులో చెప్పినా క్యాప్షన్‌లో ఆ మాటలే ఉంచుతాను.